వీలునామా, గిఫ్ట్ డీడ్, నామినేషన్, ట్రస్టు: పదవీ విరమణ తరువాత ఆస్తిని ఏ దారిలో అప్పగించాలి?

ఉద్యోగం నుంచి విరమించిన వారికి ఆస్తి విషయంలో రెండు ప్రశ్నలు ఒకేసారి ఎదురవుతాయి. బతికి ఉన్నంతకాలం ఎవరి ముందూ చేయి చాచకుండా గడవడం ఎలా అన్నది మొదటిది. తమ తదనంతరం ఆ ఆస్తి పిల్లలకు కోర్టుల చుట్టూ తిరిగే పని లేకుండా చేరడం ఎలా అన్నది రెండోది. చాలా కుటుంబాల్లో రెండో ప్రశ్నకు తొందరపడి జవాబు వెతుక్కుని మొదటి ప్రశ్నను చిక్కుల్లో పడేసుకుంటారు. ఉన్న ఒక్క ఇంటినీ పిల్లల పేరిట రిజిస్టరు చేసి, ఆ తరువాత అదే ఇంట్లో వారి దయ మీద ఉండాల్సి వచ్చిన తల్లిదండ్రుల దరఖాస్తులు ఆర్డీవో కార్యాలయాలకు వస్తూనే ఉన్నాయి.

దీనికి తోడు నిబంధనలు వేగంగా మారుతున్నాయి. ఒక్క 2025లోనే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఏప్రిల్ 1 నుంచి ఏకీకృత పెన్షన్ పథకం వచ్చింది, బ్యాంకు ఖాతాకు నలుగురు నామినీలను పెట్టుకునే వీలు నవంబర్ 1 నుంచి వచ్చింది, తెలంగాణ భూ రికార్డుల్లో ధరణి స్థానంలో భూభారతి వచ్చింది, డిసెంబర్‌లో జాతీయ పెన్షన్ వ్యవస్థ (ఎన్‌పీఎస్) ఉపసంహరణ నియమాలు మారాయి. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో కొత్త చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇన్ని మార్పుల మధ్య నేను పట్టుకున్న సూత్రం ఒక్కటే: పరిస్థితి మారితే తిరిగి రాసుకోగల పత్రానికే మొదటి ప్రాధాన్యం ఇవ్వాలి, వెనక్కి తీసుకోలేని పత్రం మీద సంతకం చేయడానికి బలమైన కారణం ఉండాలి.

ముందుగా చూసుకోవలసినవి

ఏ దారి మంచిదో తేల్చుకునే ముందు, ఆ ఆస్తి మీద మీకు పూర్తి హక్కు ఉందో లేదో చూసుకోవాలి. సొంత సంపాదనతో కొన్న స్వార్జితాన్ని హిందూ చట్టం ప్రకారం ఎవరికైనా రాయవచ్చు. పిత్రార్జితమైన ఉమ్మడి ఆస్తిలో మాత్రం మీ వాటా వరకే రాయగలరు. ఆ వాటా లెక్కలో కూతుళ్లు కూడా ఉన్నారన్న సంగతిని ఇప్పటికీ కొందరు పెద్దలు ఒప్పుకోరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచి అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఈ హక్కు దక్కింది, 2005 సెప్టెంబర్ 9 నుంచి కేంద్ర సవరణ దాన్ని దేశమంతటా కూతుళ్లందరికీ ఇచ్చింది, ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలన్న షరతు లేదని 2020 ఆగస్టులో వినీత శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కూతురి వాటాను కలిపేసుకుని కొడుకులకు మాత్రమే రాసిన పత్రం ఎంత చక్కగా రిజిస్టరైనా ఆ మేరకు నిలవదు. ముస్లింలకు వీలునామా పరిమితి వేరు. వారసుల సమ్మతి లేకుండా ఆస్తిలో మూడో వంతుకు మించి రాయడానికి వీల్లేదు.

ఆ తరువాత ప్రతి మార్గాన్నీ నాలుగు ప్రశ్నలతో పరీక్షించాలి. మనసు మారితే వెనక్కి తీసుకోగలమా? మన జీవితకాలంలో ఆదాయం, అధికారం ఎవరి చేతిలో ఉంటాయి? స్టాంపు డ్యూటీ, పన్నులు ఎంత పడతాయి? మన తరువాత ఎవరైనా కోర్టుకు వెళితే ఎంతవరకు నిలుస్తుంది?

| ప్రశ్న | వీలునామా | గిఫ్ట్ లేదా సెటిల్‌మెంట్ డీడ్ | నామినేషన్ | ప్రైవేటు ట్రస్టు |
|---|---|---|---|---|
| మార్చుకోవచ్చా? | ఎన్నిసార్లైనా | సాధారణంగా కుదరదు | ఎన్నిసార్లైనా | డీడ్‌లో రాసుకున్నదాన్ని బట్టి |
| జీవితకాలంలో అధికారం | పూర్తిగా మీదే | తీసుకున్నవారిది | పూర్తిగా మీదే | ట్రస్టీలది |
| స్టాంపు డ్యూటీ | లేదు | మార్కెట్ విలువ మీద, రాష్ట్రాన్ని బట్టి | లేదు | స్థిరాస్తి పెడితే ఉంటుంది |
| తరువాత వివాదం | వచ్చే అవకాశం ఎక్కువ | తక్కువ | నామినీకి, వారసులకు మధ్య రావచ్చు | తక్కువ |
| ఎక్కడ సరిపోతుంది | అన్ని ఆస్తులకూ | అదనంగా ఉన్న స్థిరాస్తికి | డబ్బు, షేర్లు, ఫండ్లకు | ప్రత్యేక అవసరాలున్న వారసులకు |

వీలునామా

దీని బలమంతా మార్చుకోగల స్వేచ్ఛలో ఉంది. ఈ రోజు రాసినది రేపు రద్దు చేయవచ్చు. రిజిస్టరైన వీలునామాను సైతం ఆ తరువాత సక్రమంగా రాసిన, రిజిస్టరు కాని వీలునామాతో రద్దు చేయవచ్చు. స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. 1925 నాటి భారత వారసత్వ చట్టంలోని 63వ సెక్షన్ ప్రకారం రాసినవారి సంతకం, దాన్ని కనీసం ఇద్దరు సాక్షులు ధ్రువీకరిస్తూ చేసిన సంతకాలు ఉంటే చాలు.

బలహీనత కూడా అక్కడే ఉంది. రాసిన మనిషి లేనప్పుడు మాత్రమే దాన్ని నిరూపించాల్సి వస్తుంది. రిజిస్ట్రేషన్ చేయించాం కదా, ఇక తిరుగుండదని చాలామంది అనుకుంటారు గానీ, వివాదం వచ్చి కోర్టుకు వెళితే బతికి ఉన్న సాక్షుల్లో కనీసం ఒక్కరైనా వచ్చి వాంగ్మూలం ఇవ్వాల్సిందే. అందుకే డెబ్బై ఏళ్ల మనిషి తన వయసే ఉన్న ఇద్దరు మిత్రులను సాక్షులుగా పెట్టుకోవడం తెలివైన పని కాదు. వయసులో చిన్నవారు, సులభంగా దొరికేవారు, ఆ వీలునామా వల్ల ఏ లాభమూ పొందనివారు సాక్షులుగా ఉండాలి. వారి పూర్తి చిరునామాలు కూడా అందులో ఉండాలి.

కోర్టుల్లో వీలునామాలు వీగిపోయే తీరు దాదాపు ఒకటే. లాభపడే కొడుకే లాయరును పిలిపించి రాయించి ఉంటాడు, మిగతా పిల్లలకు ఎందుకు ఇవ్వలేదో ఒక్క వాక్యమైనా ఉండదు, ఆసుపత్రి మంచం మీద వణికిన సంతకం ఉంటుంది. వీటికి విరుగుడు కష్టమేమీ కాదు. ఆరోగ్యంగా ఉన్నప్పుడే రాయాలి, వయసు మళ్లినవారైతే అదే రోజు తేదీతో వైద్యుడి ధ్రువపత్రం తీసుకుని జతపరచాలి, ఎవరికైనా తక్కువ ఇస్తే కారణం రాయాలి. “నా పెద్ద కుమార్తె వివాహ సమయంలో ఆమెకు ఫలానా స్థలం ఇచ్చినందున ఈ ఇంట్లో వాటా ఇవ్వడం లేదు” అన్న ఒక్క వాక్యం ఆ తరువాత ఏళ్ల తరబడి సాగే దావాను ఆపగలదు. ప్రతి పేజీ మీద సంతకం ఉండాలి. షెడ్యూలులో సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు మూల దస్తావేజులో ఉన్నట్టే ఎత్తి రాయాలి. మూల దస్తావేజులో “తూర్పు: పంచాయతీ రోడ్డు” అని ఉంటే, ఇప్పుడు ఆ రోడ్డు పేరు మారినా పాత మాటను కూడా రాసి, పక్కన కొత్త పేరు చేర్చాలి. మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పు) దగ్గర పని ఆగిపోయేది ఎక్కువగా ఇలాంటి చోటే. ఇంట్లో దాచడం ఇష్టం లేనివారు రిజిస్ట్రేషన్ చట్టం 42వ సెక్షన్ కింద జిల్లా రిజిస్ట్రార్ వద్ద సీలు వేసిన కవరులో దాన్ని భద్రపరచవచ్చు.

భార్యకు రాసేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం. “నా భార్య జీవితాంతం అనుభవించి, ఆమె తదనంతరం కొడుకులకు చెందాలి” అని రాయడం మన వైపు ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. అలా రాస్తే వైద్యానికి డబ్బు అవసరమైనప్పుడు ఆమె ఆ ఇంటిని అమ్మలేకపోవచ్చు. మరోవైపు, అది ఆమె పోషణ హక్కుకు బదులుగా ఇచ్చినదైతే హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ కింద అదే పూర్తి హక్కుగా మారుతుందని 1977లో తులసమ్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ రెండింటి మధ్య ఎన్నో కుటుంబాలు దావాల్లో పడ్డాయి. భార్యకు పూర్తి హక్కు ఇవ్వదలిస్తే “సర్వహక్కులతో, అమ్ముకునే అధికారంతో” అని స్పష్టంగా రాయాలి. నా సలహా కూడా అదే.

ప్రొబేట్ (వీలునామాను కోర్టు ధ్రువీకరించడం) గురించి భయపడేవారికి ఒక మాట. తెలుగు రాష్ట్రాల్లోని హిందువులకు అది తప్పనిసరిగా ఉండేది కాదు. చెన్నై, ముంబై, కోల్‌కతా నగరాల్లో ఆస్తి ఉన్నవారికే ఆ బెడద ఉండేది. దానికి ఆధారమైన భారత వారసత్వ చట్టంలోని 213వ సెక్షన్‌ను 2025 డిసెంబర్‌లో పార్లమెంటు తొలగించింది. వివాదం ఉన్నచోట ప్రొబేట్ కోరే మార్గం మాత్రం ఇప్పటికీ ఉంది.

గిఫ్ట్ డీడ్, సెటిల్‌మెంట్ డీడ్

ఆస్తిని ఉచితంగా రాసిచ్చేది గిఫ్ట్ డీడ్, కుటుంబ సభ్యులకు అలా రాసిచ్చేది సెటిల్‌మెంట్ డీడ్. ఇక్కడ హక్కు వెంటనే చేతులు మారుతుంది. ఆస్తి బదిలీ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్, ఇద్దరు సాక్షులు, ఇచ్చినవారు బతికి ఉండగానే తీసుకున్నవారి అంగీకారం తప్పనిసరి. పిల్లల మధ్య తరువాత తగాదా రాదన్న నమ్మకం దీని ఆకర్షణ, ఆ నమ్మకం చాలావరకు నిజమే. ఇచ్చిన మనిషి ఎదురుగానే ఉండి తన ఇష్టంతో ఇచ్చానని చెప్పగలిగినప్పుడు మిగతావారికి సవాలు చేసే ఆస్కారం తక్కువ.

అయితే దానికి చెల్లించే మూల్యం అధికారం. ఇచ్చిన తరువాత పిల్లవాడు దాన్ని తాకట్టు పెట్టవచ్చు, అమ్మవచ్చు. అతని వ్యాపారం దెబ్బతింటే అప్పులవాళ్లు జప్తు చేయించవచ్చు. అతను మీకంటే ముందే పోతే అది అతని వారసులకు వెళుతుంది. ఆ వారసుల్లో తల్లికి వాటా ఉంటుంది గానీ, తండ్రి మొదటి తరగతి వారసుడు కాడు. కోడలితో సఖ్యత లేని ఇంట్లో ఈ ఒక్క సంగతి ఎంత బాధ తెస్తుందో అనుభవించినవారికే తెలుసు.

దీనికి 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలోని 23వ సెక్షన్ కొంత రక్షణ ఇస్తుంది. పోషిస్తారన్న షరతు మీద ఇచ్చిన ఆస్తిని తీసుకున్నవారు ఆ షరతు తప్పితే, ఆర్డీవో ఆధ్వర్యంలోని ట్రిబ్యునల్ ఆ బదిలీని రద్దు చేయవచ్చు. కానీ ఆ షరతు ఉందని చూపించాలని 2022లో సుప్రీంకోర్టు అన్నది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో అదే కోర్టు ఉదారంగా చూసి, తల్లికి ఆస్తిని తిరిగి ఇప్పించింది. కోర్టు ఎటు మొగ్గుతుందో అన్న ఆందోళన మనకెందుకు? డీడ్‌లోనే “నాకూ నా భార్యకూ జీవితాంతం భోజనం, వసతి, వైద్యం, నెలకు ఇంత డబ్బు ఇచ్చే షరతు మీద ఈ ఆస్తిని ఇస్తున్నాను, షరతు తప్పిన పక్షంలో దీన్ని రద్దు చేయించుకునే హక్కు నాకు ఉంటుంది” అని రాయించాలి. దస్తావేజు లేఖరి దగ్గరున్న పాత నమూనాలో “ప్రేమాభిమానాలతో” అన్న మాట మాత్రమే ఉంటుంది. ఆ ఒక్క మాట మీద సంతకం చేయవద్దు.

పన్ను సంగతి చిన్నదే. తల్లిదండ్రులు పిల్లలకు, భార్యాభర్తలు ఒకరికొకరు ఇచ్చిన గిఫ్ట్‌కు తీసుకున్నవారు ఆదాయపు పన్ను కట్టక్కర్లేదు. కానీ భార్యకు లేదా కోడలికి ఇస్తే దాని మీద వచ్చే అద్దె ఇచ్చినవారి ఆదాయంలోనే కలుస్తుంది. వారసత్వ పన్ను మళ్లీ వస్తుందేమోనన్న పుకారుతో ముందే రాసిచ్చేయాలని తొందరపడేవారు ఒక చరిత్ర గుర్తుంచుకోవాలి. 1953లో వచ్చిన ఎస్టేట్ డ్యూటీని 1985లో ఎత్తేశారు. ఆ చట్టం ఉన్నప్పుడు కూడా మరణానికి ముందు రెండేళ్లలోపు ఇచ్చిన గిఫ్ట్‌లను ఆస్తిలోనే కలిపి పన్ను వేసేవారు. రాని పన్నుకు భయపడి ఉన్న గూడును వదులుకోవడం సరికాదు.

నామినేషన్, జాయింట్ ఖాతా

బ్యాంకులో నలుగురు, డీమాట్ ఖాతాకు, మ్యూచువల్ ఫండ్లకు పది మంది వరకు నామినీలను పెట్టవచ్చు. బ్యాంకు డిపాజిట్లలో శాతాల వారీగా పంచవచ్చు, లేదా ఒకరి తరువాత ఒకరిగా పెట్టవచ్చు. లాకరుకు మాత్రం ఒకరి తరువాత ఒకరన్న పద్ధతే ఉంది. ఇది అత్యంత సులభమైన పని, అందరూ ఈ వారంలోనే పూర్తిచేసుకోవచ్చు.

కానీ నామినీ సాధారణంగా డబ్బు అందుకునే వ్యక్తి మాత్రమే, యజమాని కాదు. షేర్ల విషయంలో ఈ మాటను సుప్రీంకోర్టు 2023 డిసెంబర్‌లో శక్తి యెజ్దానీ కేసులో మళ్లీ స్పష్టం చేసింది. పెద్ద కొడుకు నామినీగా ఉన్నా వీలునామాలో మరొకరికి రాస్తే ఆ రాతే చెల్లుతుంది. వీలునామా లేకపోతే వారసులందరికీ వాటా ఉంటుంది. జీవిత బీమాలో మాత్రం 2015 సవరణ తరువాత భార్య లేదా భర్త, పిల్లలు, తల్లిదండ్రులు నామినీ అయితే ఆ డబ్బు వారిదే. ఉద్యోగుల భవిష్య నిధి (ఈపీఎఫ్)లో పెళ్లికి ముందు ఇచ్చిన నామినేషన్ పెళ్లితో చెల్లకుండా పోతుంది. ఉద్యోగంలో చేరిన రోజున తల్లి పేరు రాసి, ఆ తరువాత ముప్పై ఏళ్లు దాన్ని తాకని వారు చాలామంది ఉన్నారు.

నామినీ లేని డిపాజిట్లకు కూడా 15 లక్షల రూపాయల వరకు వాణిజ్య బ్యాంకులు, 5 లక్షల వరకు సహకార బ్యాంకులు కోర్టు ఇచ్చే వారసత్వ ధ్రువపత్రం అడగకుండా చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2025లో ఆదేశించింది. ఆ పరిమితి దాటితే కోర్టు మెట్లెక్కాల్సి రావచ్చు.

ట్రస్టు

ఒకరి మేలు కోసం ఆస్తిని మరొకరి (ట్రస్టీ) చేతికి అప్పగించే ఏర్పాటు ఇది. మానసిక ఎదుగుదల లోపమో, ఆటిజమో ఉన్న బిడ్డ తల్లిదండ్రులకు ఇది దాదాపు తప్పనిసరి, మిగతావారిలో చాలామందికి అనవసరం. ఆ బిడ్డ పేరిట నేరుగా ఆస్తి రాస్తే దాన్ని నిర్వహించలేడు, అన్నదమ్ముడి పేరిట రాస్తే చట్టపరమైన బాధ్యత ఏదీ ఉండదు. ట్రస్టీ మాత్రం లెక్క చెప్పాల్సిన మనిషి. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద స్థానిక కమిటీ నియమించే సంరక్షకుడిని కూడా ఏర్పాటు చేసుకుంటే డబ్బు ఒకరి చేతిలో, మనిషి సంరక్షణ మరొకరి చేతిలో ఉంటాయి.

పెన్షన్ వైపు నుంచి చూస్తే

పెన్షన్ ఎంపిక కూడా వారసత్వ ఎంపికే. డిసెంబర్ 2025 నియమాల ప్రకారం ప్రభుత్వేతర ఎన్‌పీఎస్ చందాదారులు నిధి 12 లక్షలు దాటితే 80 శాతం వరకు ఒకేసారి తీసుకుని, 20 శాతంతో మాత్రమే యాన్యుటీ (జీవితాంతం నెలనెలా పెన్షన్ ఇచ్చే బీమా పథకం) కొనవచ్చు. ప్రభుత్వ ఉద్యోగులకు యాన్యుటీ కనీసం 40 శాతం. ఎక్కువ మొత్తం చేతికొస్తే పిల్లలకు మిగులుతుంది గానీ, ఎనభై అయిదేళ్లకు కూడా నెలనెలా వచ్చే ఆదాయం తగ్గుతుంది. యాన్యుటీల్లో, కొనడానికి పెట్టిన సొమ్మును మరణానంతరం తిరిగి ఇవ్వని రకం తీసుకుంటే పెన్షన్ ఎక్కువ, వారసులకు ఏమీ మిగలదు. తిరిగి ఇచ్చేదైతే పెన్షన్ తక్కువ. ఇల్లు ఒకటి ఎలాగూ పిల్లలకు చేరుతున్నప్పుడు, దంపతులిద్దరిలో ఆఖరివారి వరకు వచ్చే జాయింట్ పెన్షన్ వైపే మొగ్గాలని నేనంటాను.

ఏకీకృత పథకంలో 25 ఏళ్ల సర్వీసు ఉంటే ఆఖరి 12 నెలల సగటు మూల వేతనంలో సగం పెన్షన్‌గా వస్తుంది, ఆ తరువాత జీవిత భాగస్వామికి అందులో 60 శాతం. భార్య లేదా భర్తకు రక్షణ గట్టిగా ఉంటుంది గానీ, ఎన్‌పీఎస్ నిధిలా పిల్లలకు చేరే పెద్ద మొత్తం మిగలదు.

ఎవరికి ఏది

*ఒకే ఇల్లు, ఓ మోస్తరు పెన్షన్ ఉన్న దంపతులు:* ఇంటికి వీలునామా, ఒకరి తరువాత మరొకరికి పూర్తి హక్కు, డిపాజిట్లకు జాయింట్ ఖాతా, నామినేషన్. గిఫ్ట్ జోలికి వెళ్లవద్దు.

*రెండు మూడు స్థిరాస్తులు ఉండి, పిల్లల మధ్య పొసగదని తెలిసినవారు:* మీ అవసరానికి మించినవాటిని షరతులతో సెటిల్ చేయండి, నివాసాన్నీ, అద్దె వచ్చే ఒక ఆస్తినీ మీ పేరిటే ఉంచుకోండి. ఇచ్చే రోజున పిల్లలందరినీ కూర్చోబెట్టి ఎవరికేమిటో చెప్పడం చట్టం అడగని పనే, అయినా ఏ షరతుకూ లేని బలం దానికుంది.

*పిల్లలు విదేశాల్లో స్థిరపడినవారు:* వీరికి గిఫ్ట్, వీలునామాల మధ్య తేడా చాలా పెద్దది. విదేశీ మారక నిర్వహణ నియమాల ప్రకారం వ్యవసాయ భూమిని ప్రవాస భారతీయులకు గానీ, ఓసీఐ కార్డుదారులకు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి) గానీ గిఫ్ట్‌గా ఇవ్వడానికి వీల్లేదు. అదే భూమి వారసత్వంగా, అంటే వీలునామా ద్వారా లేదా చట్టప్రకారం వారికి రావచ్చు. కాబట్టి పొలం ఉన్నవారు దాన్ని వీలునామాలోనే రాయాలి. ఆ పిల్లలు తరువాత అమ్మితే, పన్ను చెల్లించాక ఎన్‌ఆర్‌ఓ ఖాతా (ప్రవాసులు భారత్‌లో వచ్చే ఆదాయాన్ని ఉంచే బ్యాంకు ఖాతా) నుంచి ఏడాదికి పది లక్షల డాలర్ల వరకు బయటికి తీసుకెళ్లవచ్చు. వీలునామాను అమలుపరిచే వ్యక్తిగా ఇక్కడే ఉండే నమ్మకస్తుడిని నియమించడం మరవద్దు.

*సంతానం లేని దంపతులు, ముఖ్యంగా భార్య పేరిట ఆస్తి ఉన్నవారు:* ఆమె వీలునామా రాయకుండా, భర్త కూడా లేని స్థితిలో పోతే ఆమె సొంత సంపాదన సైతం ముందుగా భర్త తరఫు వారసులకు వెళుతుంది. పుట్టింటి నుంచి వారసత్వంగా వచ్చినది మాత్రం తండ్రి వారసులకు తిరిగి పోతుంది. ఏళ్ల తరబడి ఆమెను చూసుకున్న చెల్లెలికో మేనకోడలికో ఏమీ దక్కకపోవచ్చు. వీరికి వీలునామా అందరికంటే ముందు కావాలి.

*రెండో వివాహం చేసుకున్నవారు:* వీలునామాలో రెండు వివాహాల పిల్లల పేర్లూ, పుట్టిన తేదీలూ విడివిడిగా రాయాలి. “నా పిల్లలకు సమానంగా” అన్న మాట ఇక్కడ సరిపోదు. కుటుంబ పెన్షన్ ఎవరికి వెళ్లాలో వీలునామా నిర్ణయించలేదు, అది సర్వీసు నియమాలను బట్టే ఉంటుంది. కాబట్టి శాఖ రికార్డుల్లో కుటుంబ వివరాలను ఇప్పుడే సరిచేయించుకోవాలి.

ఏ దారి ఎంచుకున్నా పని ఒక క్రమంలో జరగాలి. నామినేషన్లు మొదట, ఆ వెంటనే వాటితో విభేదించని వీలునామా, గిఫ్ట్ ఆలోచన ఉంటే అన్నిటికంటే చివర. ఇంట్లో పెళ్లి, మరణం, పెద్ద కొనుగోలు, పిల్లల పౌరసత్వం మార్పు వంటివి జరిగినప్పుడల్లా పత్రాలను తీసి చూడాలి. కొత్త వీలునామా రాస్తే “ఇంతకుముందు రాసినవన్నీ రద్దు చేస్తున్నాను” అన్న వాక్యంతో మొదలుపెట్టి, పాతదాన్ని రిజిస్టరు చేయించి ఉంటే దాని నంబరు, సంవత్సరం అందులో పేర్కొనాలి. పాత ప్రతులు ఎవరి దగ్గరైనా ఉంటే వెనక్కి తీసుకోవాలి.